కలహవేళ కృప: దాని మూల్యము

కృప అను మాట తెలుగు ఇండ్లలో ఏ మతమువారికిని క్రొత్తది కాదు. సంధ్యవేళ దీపము వెలిగించి దైవకృపను వేడుకొనువారును, ఆదివారమున మందిరమునకు పోయి ప్రభువు కృపను స్తుతించువారును ఒకే వీధిలో నుందురు. పెక్కుచోట్ల ఒకే వంశములో నుందురు. నాటాల్ తెలుగువారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. 1860 నవంబరు 16న మద్రాసునుండి వచ్చిన ట్రూరో అను ఓడ డర్బన్ రేవు చేరినది మొదలు 1911 వరకు, లక్షా ఏబదిరెండు వేలమంది గిర్మిట్ కూలీలుగా ఈ తీరమున దిగిరి. వారిలో తెలుగువారు అనేకులు. ఆ తెలుగువారిలో కొందరు బాప్తిస్టు క్రైస్తవులు. వారికి కాపరి లేడని విని అచ్చటి తెలుగు బాప్తిస్టు సంఘములు పంపగా, జాన్ రంగయ్యగారు 1903లో నెల్లూరునుండి వచ్చి స్టాంగరు దాపునగల కియర్స్నీ తేయాకు తోటలో సంఘమును నెలకొల్పిరి. తోటల బ్యారక్కులలో రామభజనయు, క్రీస్తు ప్రార్థనయు గోడకు ఈవల ఆవల వినబడిన కాలమది.

కృపను పుచ్చుకొనుట అందరికిని తీపి. దాని అర్థమే అది: అర్హత లేనివానికి లభించు దయ. కూలికి పనిచేసినవానికి ఇచ్చునది జీతము; ఏమియు చేయనివానికి, చెరుపు చేసినవానికి సైతము ఇచ్చునది కృప. అట్టి దయను దేవుని యొద్దనుండి అడుగుటకు ఎవరును సిగ్గుపడరు. దానినే తోడబుట్టినవానికి, పొరుగువానికి, ఒకే సంఘములో ఒకే బల్లపై కూర్చుండియు పలుకరింపనివానికి ఈయవలసి వచ్చినప్పుడు మాత్రము గొంతు పట్టుకొనును. తండ్రి కట్టిన ఇంటి భాగమును అన్న తన పేర వ్రాయించుకొనెను. అత్త కోడలిని పదిమందిలో తూలనాడెను. కార్యదర్శి పదవి కొరకు మొదలైన తగవు రెండు తరములు నడచి, పెండ్లి పిలుపులను కూడ ఆపివేసెను. ఇట్టిచోట కృప చూపుము అని చెప్పుట సుళువు. అది ఏమి చేయుమని చెప్పుటయో ఎంచి చెప్పువారు అరుదు.

సాధారణముగా ఆ మాటకు ఇండ్లలో వాడుకలోనున్న అనువాదము “సర్దుకొనుము” అనునదే. ఈ హితవు ఎవరి చెవిని పడునో గమనింపవలెను. అత్తకు కాదు, కోడలికి. భాగము మ్రింగిన అన్నకు కాదు, భాగము పోయిన తమ్మునికి. తీర్పు చెప్ప వచ్చిన పెద్దమనుష్యులు బలవంతుని గడప త్రొక్కుటకు జంకి, బలహీనుని యింట కాఫీ త్రాగి, ఓర్పును గూర్చి దీర్ఘముగా మాటలాడుదురు. క్రైస్తవ కుటుంబమైనచో దానికి ఒక వాక్యమును జోడింతురు. దెబ్బ తిన్నవాడు దెబ్బను మరచినట్లు నటించును. కొట్టినవాడు తానేమియు చేయలేదని నిజముగనే నమ్మును. దీనికి శాంతి అని పేరు పెట్టుదురు. ఇందు కృప ఎచ్చటనున్నదో వెదకి చూచినను కనబడదు.

క్రొత్త నిబంధనలో దీనికి నేరుగా ఎదురు నిలుచు చిన్న పత్రిక ఒకటి కలదు. పౌలు పత్రికలలో అదియే మిక్కిలి చిన్నది. మొత్తము 25 వచనములు. దేవాలయములలో దానిపై ప్రసంగములు తక్కువ. పౌలు అప్పుడు చెరలో నుండెను. కొలొస్సయి పట్టణపువాడని చెప్పబడు ఫిలేమోను కలవాడు; అతని యింటనే విశ్వాసులు కూడుకొనుచుండిరి. అతని దాసుడైన ఒనేసిము యజమానుని విడిచి, ఎట్లో పౌలు నొద్దకు చేరి, అచ్చట విశ్వాసియయ్యెను. అతడు పారిపోయెనని పరంపరగా వచ్చు వివరణము. రోమీయుల ధర్మశాస్త్రమున పారిపోయిన దాసుని కొరడాలతో కొట్టుటకును, కాల్చి వాత పెట్టుటకును యజమానునికి అధికారము కలదు. పౌలు వానిని తిరిగి పంపుచు, యజమానునికి ఈ ఉత్తరమును వ్రాసెను.

ఇచ్చట మధ్యవర్తి తిరిగిన దిక్కును చూడవలెను. “యజమానుడు కోపిష్ఠి, నీవే ఓర్చుకొనుము” అని దాసునికి ఉత్తరము వ్రాయలేదు. ఉత్తరమంతయు బలవంతుని పేర వ్రాయబడినది. అదియు రహస్యముగా కాదు. ఫిలేమోనుతో పాటు అప్ఫియ అను స్త్రీని, అర్ఖిప్పును, ఆ యింట కూడు సంఘము నంతటిని పేర్కొనెను. చెవిలో చెప్పిన మాటను విననట్లు త్రోసివేయవచ్చును. సంఘము కూడ ఎరిగిన ఉత్తరమును అట్లు త్రోసివేయుట కష్టము. ఆజ్ఞాపించుటకు తనకు చనువున్నదని చెప్పియు, ఆజ్ఞాపింపక ప్రేమను బట్టి వేడుకొనుచున్నానని పౌలు వ్రాయును. ఒనేసిము అనగా గ్రీకు భాషలో ప్రయోజకుడని అర్థము. ఆ పేరును పట్టుకొని, ఒకప్పుడు నిష్ప్రయోజకుడైనవాడు ఇప్పుడు ఇరువురికిని ప్రయోజకుడయ్యెనని చమత్కరించును. ఇక వానిని దాసునిగా గాక, అంతకు మించి ప్రియ సహోదరునిగా చేర్చుకొనవలెనని కోరును.

అటుపిమ్మట పత్రికకు ప్రాణమైన మాట వచ్చును. ఒనేసిము ఏదేని అన్యాయము చేసియుండినను, ఏదేని అచ్చియుండినను, దానిని తన లెక్కలో వేయుమని పౌలు కోరును. తానే తీర్తునని స్వహస్తముతో వ్రాసి యిచ్చును. అది కవిత్వము కాదు, వర్తకుని అంగడిలో చెల్లు ఋణపత్రము. తప్పు జరుగలేదని పౌలు చెప్పలేదు. జరిగినదానిని మరువుమనియు చెప్పలేదు. లెక్కను లెక్కగానే ఉంచి, దాని క్రింద తన చేవ్రాలు పెట్టెను. అప్పు కొట్టివేయబడలేదు, అది ఒకరి భుజమునుండి వేరొకరి భుజమునకు మారెను. ఆ భుజము చెరలో సంకెళ్లలోనున్న ముదుసలిది. తరువాతి మాట కొంచెము గడుసుది: ఫిలేమోను తన ఆత్మ విషయమున పౌలుకే ఋణపడియున్నాడనియు, ఆ సంగతి తాను ఎత్తననియు చెప్పుచునే దానిని ఎత్తును. ఋషులకును లౌక్యము కలదని ఇందువలన తెలియుచున్నది.

కృపకు వెల లేదను మాట పుచ్చుకొనువాని వైపునుండి సత్యము. ఇచ్చువాని వైపునుండి అది ఎన్నటికిని సత్యము కాదు. ఎవరో ఒకరు నష్టమును భరింపనిదే కృప జరుగదు. ఈ సంగతిని తెలుగువారు ఒక కథగా చెప్పుకొనుచుండిరి. భద్రాచలమున ఆలయమునకై సర్కారు సొమ్మును వెచ్చించి గోలకొండ చెరసాలలో పడిన గోపన్న కొరకు, రామలక్ష్మణులు రాత్రివేళ తానీషా కడకు పోయి బాకీ సొమ్మంతయు చెల్లించి రసీదు పుచ్చుకొనిరని ఆ కథ. దేవుడు తలచిన సుల్తాను మనస్సును మార్చి అప్పును మాఫీ చేయింపవచ్చును. కథ చెప్పిన జనము అట్లు చెప్పలేదు. సొమ్ము లెక్కించి పోయవలెను, రసీదు చేతికి రావలెను అనిరి. లెక్క తీరినచోటనే విడుదల యనునది వారి ధర్మబుద్ధి. రామదాసు కథకును పౌలు పత్రికకును మతమున సామ్యము లేకున్నను, ఈ ఒక్క విషయమున రెండును ఒకే మాట చెప్పుచున్నవి.

తెలుగు బైబిలులో మత్తయి సువార్తయందలి ప్రభువు ప్రార్థనలో క్షమింపబడునవి ఋణములు. పాపములు అను మాట అచ్చట లేదు. అదే సువార్త పదునెనిమిదవ అధ్యాయమున, పదివేల తలాంతుల అప్పు మాఫీ పొందిన దాసుడు బయటికి వచ్చి, తనకు నూరు దేనారములు అచ్చియున్న తోటి దాసుని గొంతు పట్టుకొనిన ఉపమానమున్నది. దేనారము ఒక దినపు కూలి. తలాంతు ఇంచుమించు ఆరువేల దేనారములు. అనగా వానికి మాఫీ అయినది ఆరు కోట్ల దినముల కూలి. వాడు వదలలేకపోయినది నూరు దినముల కూలి. ఈ లెక్క వినగానే నవ్వు వచ్చును. అయినను నూరు దినముల కూలి కూలివానికి చిన్న సొమ్ము కాదు. ఉపమానము చెప్పినవాడు రెండవ అప్పును సున్నగా చూపలేదు. పొరుగువాడు చేసిన నష్టము నిజమైన నష్టమే.

ఆ అధ్యాయముననే, సహోదరుడు తప్పు చేసినప్పుడు ఏమి చేయవలెనో క్రమము చెప్పబడినది. మొదట ఒంటరిగా పోయి అతనికి తప్పు తెలియజేయవలెను. వినకున్నచో ఒకరిద్దరిని వెంటబెట్టుకొని పోవలెను. అప్పటికిని వినకున్నచో సంఘమునకు చెప్పవలెను. ఇండ్లలో జరుగునది దీనికి తలక్రిందులు. మొదట బంధువులందరికిని తెలియును, పిదప సంఘమునకు తెలియును, తప్పు చేసినవాని చెవిని పడుట కట్టకడపట. ఒంటరిగా పోయి ముఖాముఖిగా చెప్పుటయే కృపలో మొదటి మెట్టు. అందువలన అవతలివాని పరువు నిలుచును. చెప్పువానికి మాత్రము గుండె దడదడలాడును. మౌనము అంతకంటె చౌక.

పౌలు ఒనేసిమును తిరిగి పంపెను గదా, అట్లయిన దెబ్బలు తిన్నవారందరును కొట్టినవారి యొద్దకు తిరిగి పోవలెనా యను ప్రశ్న న్యాయమైనది. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికాలో బానిసలను కలిగినవారు ఈ పత్రికనే చూపి, పారిపోయినవారిని పట్టి అప్పగించుట క్రైస్తవ ధర్మమని వాదించిరి. తిరిగి పంపుట అనుదానిని వారు ఉంచుకొనిరి; సహోదరునిగా చేర్చుకొనుటను, అప్పును తానే తీర్చుటను విడిచిపెట్టిరి. దాస్యము తప్పని పౌలు పత్రికలో సూటిగా చెప్పలేదన్నదియు దాచవలసినది కాదు. ఆ లోటును అట్లే ఒప్పుకొని, చేసినదానిని చూడవలెను.

గిర్మిట్ తోటల సంతతివారికి ఈ ప్రశ్న పుస్తకమునకు సంబంధించినది కాదు. ఐదేండ్ల ఒడంబడిక, మొదటి యేట నెలకు పది షిల్లింగుల జీతము, చీటి లేక తోట హద్దు దాటినచో నేరము. యజమానుడు కొట్టెనని ఫిర్యాదు చేయ పోయినవాడు పని విడిచిపోయిన నేరస్థుడుగా నిలువవలసివచ్చెడిది. 1894లో డర్బనులో బాలసుందరము అను తమిళ కూలి చినిగిన బట్టలతో, విరిగిన రెండు ముందరి పండ్లతో, నెత్తురు కారు నోటితో, తలపాగా చేతబట్టుకొని గాంధీగారి కార్యాలయమునకు వచ్చెను. గాంధీ ఆత్మకథ చదివినవారెరిగిన సంగతియే. గాంధీ మొదట వానిని వైద్యుని యొద్దకు పంపి గాయములకు ధ్రువపత్రము వ్రాయించెను; పిదప మేజిస్ట్రేటు ముందు నిలిపెను. యజమానుని శిక్షింపించుట గాంధీ కోరిక కాదు, బాలసుందరమును ఆ చేతి క్రిందినుండి విడిపించుటయే. ఒడంబడికను వేరొకరికి బదిలీ చేయుటకు యజమానుడు ఒప్పుకొనవలసివచ్చెను. మేజిస్ట్రేటు అతనిని దోషిగా తీర్మానించెను. క్రొత్త యజమానుని వెదకిన భారము గాంధీపై పడెను. భారతీయులు గిర్మిట్ కూలీలను ఉంచుకొనరాదు గనుక తెల్లవారిలోనే ఒకరిని వెదకి ఒప్పించెను.

పగ తీర్చుకొనుట ఇందులేదు, గాయమును దాచుటయు లేదు. కొట్టినవాని యొద్దకు తిరిగి పంపుటయు లేదు. పౌలునకు ఫిలేమోనుపై నమ్మకముండెను, చనువుండెను, చెల్లింతునను చేవ్రాలుండెను, అందువలన పంపెను. అట్టి నమ్మకము ఏమియు లేనిచోట తిరిగి పొమ్మనువాడు పౌలును అనుసరించినవాడు కాడు. త్రాగి వచ్చి కొట్టు భర్త యొద్దకు కూతురిని వాక్యము చెప్పి తిరిగి పంపు తలిదండ్రులు ఈ భేదమును ఆలోచింపవలెను. అల్లుని యింటికి పోయి వాని యెదుట నిలిచి, ఇక చేయి పడినచో తాము ఊరకుండమని సంఘము వినగా చెప్పినవారెందరు? ఆమె తిరిగి వచ్చినచో ఆమె పోషణ భారము తమదని ముందుగా మాట యిచ్చినవారెందరు? ఆ రెండును చేయక ఆమెను కృప చూపుమనుట, పరుల సొమ్ముతో దానము చేయుట.

దెబ్బ తిన్నవాడే తనంత తాను కృప చూపిన సందర్భములు లేకపోలేదు. 1897 జనవరి 13న గాంధీ డర్బను రేవున దిగి నడచిపోవుచుండగా తెల్లవారి గుంపు రాళ్లతో, గ్రుడ్లతో, పిడికిళ్లతో మీదపడెను. పోలీసు సూపరింటెండెంటు అలెగ్జాండరుగారి భార్య అటు వచ్చి, తన గొడుగును విప్పి గుంపునకును గాంధీకిని నడుమ నిలిచెను. కొట్టినవారును ఆమెయు ఒకే జాతివారు. తరువాత, కొట్టినవారిపై వ్యాజ్యము నడుపవలెనని ఇంగ్లండులోని వలసరాజ్యముల మంత్రి నాటాల్ ప్రభుత్వమునకు తంతి పంపెను. నేరస్థులను గుర్తించి చెప్పుమని ఎస్కోంబుగారు గాంధీని అడిగిరి. తనకు ఎవరిపైనను వ్యాజ్యము వలదని గాంధీ చెప్పెను. అచ్చటితో ఊరకుండలేదు. ఆ గుంపును తప్పుదారి పట్టించినవారు నాయకులనియు, నాటాల్ ప్రభుత్వమే దోషియనియు, ఎదుటనున్న ఎస్కోంబుగారి దోషమును కూడ దాచక చెప్పెను. క్రింది చేతిని క్షమించి, పై చేతిని చూపెను. ఆయన క్రైస్తవుడు కాకపోవుట వేరు విషయము. గుంపులోనివారిలో పెక్కుమంది ఆదివారమున దేవాలయమునకు పోవువారే.

ఒకరు తమంత తాము ఇచ్చిన కృపకును, ఇమ్మని పైనుండి విధించిన కృపకును గల దూరము ఈ దేశమునకు 1996లో మరల తెలిసినది. ముందటి సంవత్సరపు చట్టము క్రింద, ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ అధ్యక్షతన సత్యమును సమాధానమును వెదకు సంఘము విచారణలు మొదలుపెట్టెను. రాజకీయ కారణమున చేసిన ఘోరమును పూర్తిగా బయటపెట్టినవానికి శిక్ష లేకుండ విడుదల లభింపవచ్చును. పశ్చాత్తాపము నియమము కాదు. స్టీవ్ బికో, మ్ఖెంగే, రిబేరో కుటుంబములవారు దీనిని రాజ్యాంగ న్యాయస్థానమున ఎదిరించి ఓడిపోయిరి. 1981లో ఉమ్లాజీలో న్యాయవాది గ్రిఫిత్స్ మ్ఖెంగేను చంపినవారికి 1997లో విడుదల లభించెను. ఆ కుటుంబమువారు క్షమింపలేదని వేలు చూపిన సద్భక్తులు కొందరు కలరు. తమవి కాని గాయములపై ఉదారత చూపుట ఎంత తేలిక!

టూటూగారి ప్రయత్నము గొప్పది. అది లేకున్నచో అనేక తల్లులకు తమ బిడ్డల యెముకలు ఎచ్చటనున్నవో తెలియకుండెడిది. అయినను లెక్క చూడవలెను. దోషము చెప్పుకొనినవానికి విడుదల వెంటనే లభించెను. బాధితులకు ఇయ్యవలసినది ఆ సంఘము సూచించియుండినను, ప్రభుత్వము 2003లో ఒక్కొక్కరికి 30,000 ర్యాండులు ఒక్కమారు ఇచ్చుటకు నిర్ణయించెను; సూచించినదానికంటె అది చాల తక్కువ. మధ్యవర్తి అప్పును కొట్టివేసెను గాని దాని క్రింద పూర్తిగా చేవ్రాలు పెట్టలేదు. కొట్టివేసిన లెక్కలోని మిగిలిన సొమ్మును భరించినవారు, అప్పు పోగొట్టుకొనినవారే. అందువలననే ఆ గాయము నేటికిని నొచ్చుచున్నది. నొప్పి చెప్పుకొనువారిని కఠినహృదయులనుట తగదు.

ఇంటి తగవులకు ఇంత పెద్ద కొలబద్ద ఏలయని కొందరందురు. కొలత చిన్నదైనను లెక్క ఒక్కటే. అన్నదమ్ముల భాగము తగవులో, మేనమామ వచ్చి “చిన్నవాని నష్టములో సగము నేను పెట్టుకొందును, మిగిలినది పెద్దవాడు ఈయవలెను” అనినచో ఆ సాయంకాలమే మాటలు కలియుటను చూచినవారు కలరు. సంఘములో పదవి తగవు వచ్చినప్పుడు, ఓడినవాని యింటికి గెలిచినవాడు మొదట నడచి పోయినచో ఖర్చయినది కొంత అహంకారము. ఆ అహంకారమే వానికి అన్నిటికంటె ప్రియమైన ఆస్తి గనుక ఆ ఖర్చు తక్కువది కాదు.

ఫిలేమోను ఏమి చేసెనో పత్రికలో లేదు. కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో మాత్రము తుకికుతో కూడ వచ్చుచున్న ఒనేసిమును, నమ్మకమైన ప్రియ సహోదరుడనియు, మీలో ఒకడనియు చెప్పిన మాట కలదు. ఫిలేమోను పత్రిక చివర, వందనములకు ముందు, పౌలు ఇంటి పనివంటి చిన్న మాట ఒకటి వ్రాసెను. తాను చెరనుండి విడుదల పొంది వచ్చెదనని నిరీక్షించుచున్నాడు గనుక, తన కొరకు బస సిద్ధము చేయవలెనట. ఆ బస గది ఫిలేమోను ఇంటిలోనిదే. దానిని ఊడ్చి, మంచము వాల్చవలసినవాడు బహుశః ఒనేసిమే. లేక, ఇక వాడు దాసుడు కాడు గనుక, ఆ పని వేరొకరిది కావలెను. పౌలు వచ్చినప్పుడు ఆ గదిని ఎవరు సిద్ధము చేసిరో అడుగకయే అతనికి తెలిసిపోవును.